ఏం పని? ఏ ఊరు? ఏ బోరు?

పొద్దున తొమ్మిదింటికి పటాన్‌చెరు చుట్టుపక్కల ఏ సర్కారు దవాఖానకు వెళ్లినా ఓపీ వరుస వరండా దాటి ఉంటుంది. నైట్ షిఫ్ట్ దిగి గదికి పోకుండా నేరుగా వచ్చినవాళ్లు, డే షిఫ్ట్‌కు ఆలస్యమవుతుందని కాలు నిలవనివాళ్లు, చంకలో పిల్లలతో ఆడవాళ్లు. వాళ్లలో పాతికేళ్ల కుర్రాడొకడు, ఒడిశావాడో బిహారువాడో, కొత్తగా చేరిన డాక్టరమ్మ ముందు కూర్చుని "సిర్ మే దర్ద్, మేడం" అంటాడు. జ్వరం లేదు. బీపీ బాగుంది. వేలికి క్లిప్పు పెడితే పల్స్ ఆక్సీమీటర్ 98 చూపిస్తుంది. నాలుగు పారాసిటమాల్ గోలీలు రాసి తర్వాతి మనిషిని పిలవడమే మిగిలింది. వరుస అంత పొడుగున్న చోట తరచూ జరిగేది కూడా అదే.

మరొక్క మాట అడిగితే సంగతి మారిపోతుంది. సెలవు రోజు ఎలా ఉంటుంది? "ఛుట్టీ కే దిన్ ఠీక్ రహతా హై." షిఫ్ట్ చివరి గంటల్లో మొదలై, వారపు సెలవు నాడు మాయమై, మళ్లీ డ్యూటీ ఎక్కగానే తిరిగొచ్చే తలనొప్పి తలలో పుట్టింది కాదు. అతను పనిచేసేది బల్క్ డ్రగ్ కంపెనీలో, సెంట్రిఫ్యూజ్ దగ్గర. మందు పొడిని సాల్వెంట్ నుంచి వేరుచేసే యంత్రం అది. మూత తీసి తడి పొడిని తోడేటప్పుడు ఆవిరి ముఖాన కొడుతుంది. తియ్యటి వాసన వస్తుందంటాడు. డ్రమ్ము మీద ఏం రాసి ఉంటుందని అడిగితే "ఎండీసీ" అంటాడు.

ఎండీసీ అంటే మిథిలీన్ డైక్లోరైడ్. మందుల తయారీలో విరివిగా వాడే ద్రావకం, చాలా తేలిగ్గా ఆవిరవుతుంది. ఊపిరితో రక్తంలోకి చేరాక అది చేసే పని విచిత్రమైంది. కాలేయంలోని ఎంజైములు దాన్ని విరగ్గొట్టేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్ల ప్రాణం తీసే వాయువు అదే. ఇక్కడ కుంపటి ఒంట్లోనే ఉంది. కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది, ఒకసారి పట్టుకుంటే త్వరగా వదలదు. మామూలు పల్స్ ఆక్సీమీటర్ రెండు రంగుల కాంతితో రక్తాన్ని చూస్తుంది. ఆ చూపుకు ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్, కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి ఆ 98ని నమ్మడానికి లేదు. పైగా ఎండీసీ కొవ్వులో నిల్వ ఉండి మెల్లమెల్లగా రక్తంలోకి దిగుతుంది. అందుకే షిఫ్ట్ దిగి గదికి చేరాక కూడా ఒంట్లో ఆ వాయువు తయారవుతూనే ఉంటుంది. బీడీ, సిగరెట్ తాగేవాడికి ఆ వాటా అదనం. అమెరికా పర్యావరణ సంస్థ 2024లో ఈ ద్రావకం వాడకాల్లో చాలావాటిని నిషేధించింది.

కంపెనీలో పనిచేసేవాడి ప్రతి తలనొప్పీ ఎండీసీ వల్లే అని కాదు. టొల్యూన్ లాంటి వేరే ద్రావకం కావచ్చు, నిద్ర లేకపోవడం కావచ్చు, పన్నెండు గంటల డ్యూటీలో నీళ్లు తాగకపోవడం కావచ్చు. ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఈ కుర్రాడు ఫలానా మనిషి కాడు, డాక్టరమ్మా ఫలానా ఆమె కాదు. ఈ వ్యాసంలో రాబోయే మిగతా రోగులూ అంతే. ఈ పారిశ్రామిక ప్రాంతంలో వైద్యం మొదలుపెట్టిన ఎవరికైనా ఎదురుకాగల మనుషులు వీళ్లు. వాళ్ల వెనకున్న రసాయనాలు, నీళ్లు, సంవత్సరాలు మాత్రం నిజమైనవి.

పని గురించి అడిగే ఇలాంటి ప్రశ్నకు మూడు శతాబ్దాల చరిత్ర ఉంది. ఇటలీలోని మోడెనాలో బెర్నార్డినో రామజ్జీని అనే వైద్యుడి ఇంట్లో మలగుంట శుభ్రం చేయడానికి ఒక పనివాడు వచ్చాడు. ఎందుకంత తొందరపడుతున్నావని అడిగితే, ఈ పనిలో ఎక్కువసేపుంటే కళ్లు పోతాయన్నాడట. రామజ్జీని అక్కడితో వదల్లేదు. కుమ్మరులు, కంసాలులు, గని కూలీలు, మంత్రసానులు, ఒక్కొక్కరి పని దగ్గరికీ పోయి చూసి, 1700లో వృత్తులు తెచ్చే జబ్బుల మీద పుస్తకం అచ్చువేశాడు. హిప్పోక్రటీస్ కాలం నుంచి వైద్యులు అడుగుతున్న ప్రశ్నలకు ఆయన ఒక్కటే కలిపాడు: నువ్వు చేసే పనేమిటి? మన వైద్య కళాశాలల్లో ఇది కమ్యూనిటీ మెడిసిన్ పాఠం. పరీక్ష గట్టెక్కించి మరిచిపోయే పాఠం. సంగారెడ్డిలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అక్కడి పిల్లలు ఈ పాఠాన్ని పుస్తకంలో కన్నా ఓపీ వరుసలోనే బాగా నేర్చుకోగలరు.

ఇన్ని కంపెనీలు ఈ చుట్టుపక్కలకే ఎందుకొచ్చాయంటే, 1960లలో బాలానగర్‌లో పెట్టిన ప్రభుత్వరంగ ఐడీపీఎల్ ఒక తరం రసాయన నిపుణులను తయారుచేసింది. 1970 నాటి పేటెంట్ చట్టం మందుకు కాకుండా తయారీ పద్ధతికే పేటెంట్ అని చెప్పి వాళ్లకు దారి తెరిచింది. ఇందిరాగాంధీ 1980లో మెదక్ ఎంపీ అయ్యాక ఈ ప్రాంతం మీద ప్రభుత్వ దృష్టి ఇంకా పెరిగింది. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, జిన్నారం, గడ్డపోతారం, కాజిపల్లి, బొంతపల్లి పేర్లన్నీ ఫ్యాక్టరీ చిరునామాలయ్యాయి. ప్రపంచానికి చౌకగా మందులు దొరికాయి. ఆ మాట వ్యంగ్యంగా అనడం లేదు. ఆఫ్రికాలోనో అదిలాబాద్‌లోనో న్యుమోనియా పిల్లవాడు బతికాడంటే అందులో ఈ ఊళ్ల షిఫ్టుల వాటా ఉంది.

వరుసలో తర్వాతి మనిషికి గొంతునొప్పి, జ్వరం. అమాక్సిసిలిన్ రాయడం డాక్టరుకు అలవాటైన పని. కానీ ఇతను అమాక్సిసిలిన్ పొడి నింపే చోటే పనిచేస్తున్నాడేమో! పెన్సిలిన్ జాతి మందుల ధూళిని నెలల తరబడి పీల్చినవాళ్లలో కొందరి రోగనిరోధక వ్యవస్థ ఆ అణువును శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. మొదట చర్మం మీద దద్దు, ఆ తర్వాత ఆయాసం వస్తాయి. అలాంటివాడికి అదే మందు గోలీగానో సూదిగానో వేస్తే నిమిషాల్లో బీపీ పడిపోయే ప్రమాదం ఉంది. ఇంతకుముందు ఈ మందు పడలేదా అని అడిగితే, ఎప్పుడూ వాడలేదనే చెబుతాడు. గోలీగా వాడి ఉండడు కూడా. ఏం పని అని అడిగితేనే అసలు జవాబు దొరుకుతుంది.

2025 జూన్ 30న ఈ ప్రశ్నను చాలామందిని అడిగే అవకాశమే లేకుండా పోయింది. పాశమైలారంలోని సిగాచి ఇండస్ట్రీస్‌లో జరిగిన పేలుడులో నలభై మందికి పైగా చనిపోయారు. మృతుల్లో చాలామంది వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. మృతదేహాలను పటాన్‌చెరు ఏరియా ఆసుపత్రికి తెచ్చారు. గుర్తుపట్టలేని స్థితిలో ఉన్నవారిని డీఎన్‌ఏ పరీక్షతో పోల్చాల్సి వచ్చింది. అక్కడ తయారయ్యేది మైక్రోక్రిస్టలిన్ సెల్యులోజ్. విషం కాదు, కలప గుజ్జు నుంచి తీసే తెల్లటి పొడి. గోలీకి ఆకారం, బరువు రావడానికి కలుపుతారు. మీరు వేసుకున్న ఏదో ఒక మాత్రలో అది ఉండే ఉంటుంది. కుప్పగా ఉన్నప్పుడు ఆ పొడి నెమ్మదిగా కాలుతుంది. అదే పొడి సన్నటి ధూళిగా గాలిలో లేచి, మూసిన గదిలో నిప్పు తగిలితే ప్రతి రేణువూ నలుదిక్కుల నుంచి ఆక్సిజన్ అందుకుని ఒకేసారి అంటుకుంటుంది. పిండిమరల్లో, చక్కెర మిల్లుల్లో ఇలాంటి ధూళి పేలుళ్లు ప్రపంచమంతా జరిగాయి. తినడానికి పనికొచ్చే పొడి కూడా ప్రమాదకరమేనని పనివాడికి ఎవరు చెప్పాలి? ఆ బాధ్యత డాక్టరుది కాదు. కానీ కాలిన చేతులకు పట్టీ వేయించుకోవడానికి వచ్చినవాణ్ణి "ఏ పొడి? గదిలో ధూళి లేస్తుందా?" అని అడిగి రాసిపెట్టగలిగింది మాత్రం ఆమే. కొన్ని వృత్తి జబ్బులను చూసిన వైద్యుడు ఫ్యాక్టరీల తనిఖీ అధికారికి తెలియజేయాలని 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. దాని స్థానంలో వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లోనూ ఆ నియమం ఉంది. ఆ సంగతి గుర్తున్న డాక్టర్లు తక్కువ.

ఇప్పుడు ఈ వ్యాసానికి అసలు కారణమైన రోగి. నక్కవాగు ఒడ్డు ఊళ్ల నుంచి వచ్చిన ముప్పై ఏళ్లామె. మగడు కంపెనీకి, ఆమె కూలికి. పక్కన ఎవరూ వినకుండా ముందుకు వంగి చెబుతుంది: "ఒంటికి పోతే మంట మండుతాంది మేడం. మెడికల్ షాపుల గోలీలిచ్చిండ్రు. అయిదు దినాలేసుకున్న. తక్కువైతలేదు." చీరకొంగు ముడి విప్పి ఖాళీ రేకు చూపిస్తుంది. సిప్రోఫ్లాక్సాసిన్ 500.

మూత్రం మంటకు ఎక్కువసార్లు కారణం ఈ.కోలై, మన పేగుల్లోనే కాపురముండే బ్యాక్టీరియా. అది రెండుగా చీలాలంటే ముందు తన డీఎన్‌ఏను నకలు తీసుకోవాలి. నకలు తీసేటప్పుడు ఆ పొడవాటి పోగు మెలికలు పడకుండా గైరేస్ అనే ఎంజైమ్ దాన్ని తెంచి, మెలిక విప్పి, మళ్లీ అతికిస్తుంది. సిప్రోఫ్లాక్సాసిన్ సరిగ్గా తెంచిన క్షణంలో వచ్చి గైరేస్‌ను పట్టేసుకుంటుంది. డీఎన్‌ఏ తెగిన చోటే ఉండిపోతుంది, బ్యాక్టీరియా చస్తుంది. దీన్నుంచి తప్పించుకోవడానికి ఈ.కోలైకి చాలా దారులున్నాయి. గైరేస్ జన్యువులో ఒక్క అక్షరం మారితే మందు పట్టు సడలుతుంది. లోపలికొచ్చిన మందును బయటికి తోడిపోసే పంపులు పెంచుకోవచ్చు. లేదా క్యూఎన్ఆర్ అనే జన్యువు సంపాదించవచ్చు. దాని నుంచి వచ్చే ప్రొటీన్ మందు నుంచి గైరేస్‌ను కాపాడుతుంది. ఈ మూడోది పక్కవాడి నుంచి కూడా దొరుకుతుంది. ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ చుట్ట మీద ఉండి, ఒక బ్యాక్టీరియా నుంచి వేరే జాతి బ్యాక్టీరియాకు కూడా, ఊళ్లో చేబదులు తిరిగినట్టు, చేతులు మారుతుంది. ఇచ్చినవాడి దగ్గర తరగకపోవడమే ఇందులో తేడా.

డాక్టరమ్మ అడుగుతుంది: ఏ ఊరు? నీళ్లు ఎక్కడివి? తాగేది మిషన్ భగీరథ నల్లా నీళ్లే, గిన్నెలకు, బట్టలకు, పొలానికి మాత్రం బోరు. ఆ బోరుకు వాగు ఎంత దూరం?

ఈ ప్రశ్న ఎందుకంటే, స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిమ్ లార్సన్, సహచరులతో కలిసి, పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలే నీళ్లను పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించాడు. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలం ఆ కేంద్రానికి చేరేది. శుద్ధి అయి బయటికొచ్చిన నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. 500 మిల్లీగ్రాముల గోలీ మింగిన మనిషి రక్తంలో ఆ మందు లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాములు దాటదు. అంటే రోగి రక్తంలో కన్నా కాలువలో మందు పది రెట్లు ఎక్కువ. లెక్కగడితే రోజుకు 45 కిలోల సిప్రోఫ్లాక్సాసిన్ నీళ్లలో కలిసేది. అప్పట్లో తొంభై లక్షల జనాభా ఉన్న స్వీడన్ అయిదు రోజుల్లో వాడిన మొత్తం అది! ఆ నీళ్లు అప్పట్లో ఇసకవాగులో పడేవి. ఇసకవాగు నక్కవాగులో, నక్కవాగు మంజీరలో కలుస్తాయి. 2009లో అదే బృందం చుట్టుపక్కల చెరువులు, బావులు చూసింది. బావి నీళ్లలోనూ మందులు దొరికాయి. వాటిలో సెటిరిజిన్ కూడా ఉంది, మనం జలుబుకు వేసుకునేదే.

ఇంత మందు ఉన్నచోట బ్యాక్టీరియా చచ్చిపోవాలి కదా అనిపిస్తుంది. చాలావరకు చస్తాయి. మిగిలినవి మాత్రం తట్టుకోగలిగినవే, ఆ చోటంతా వాటిదే అవుతుంది. శుద్ధి కేంద్రంలో నుంచి తీసిన బ్యాక్టీరియా రకాల మీద 2013లో వచ్చిన అధ్యయనంలో 86 శాతం రకాలు ఇరవై లేక అంతకుమించిన యాంటిబయాటిక్స్‌ను తట్టుకున్నాయి. ఇంకా చిక్కైన సంగతి 2011లో స్వీడన్‌లోనే ఉప్సలా శాస్త్రవేత్తలు చూపించారు. మామూలు బ్యాక్టీరియాను చంపడానికి కావాల్సిన మోతాదు కన్నా ఎన్నో రెట్లు తక్కువ ఉన్నా చాలు, తట్టుకునే రకం మెల్లగా పైచేయి సాధిస్తుంది. కాబట్టి కిలోమీటర్ల కింద వాగు నీళ్లు పలచబడ్డాయని నిశ్చింతగా ఉండటానికి లేదు.

ఇదంతా చదివిన కుర్ర డాక్టరుకు వెంటనే ఒక మాట నోటికొస్తుంది: "నీ జబ్బు వాగు నుంచే వచ్చిందమ్మా." ఆ మాట అనకూడదు. 2014లో అదే స్వీడిష్ బృందం వాగు ఒడ్డు ఊళ్ల మనుషుల మలాన్ని, కాలుష్యానికి దూరంగా ఉన్న భారతీయ గ్రామస్తుల మలాన్ని, స్వీడన్ వాళ్లదాన్ని పోల్చి క్యూఎన్ఆర్ జన్యువు కోసం వెతికింది. కలుషిత ఊళ్లవాళ్లలో అది ఎక్కువగా ఉందనడానికి ఆధారం దొరకలేదు. ఎందుకంటే భారతీయ నమూనాల్లో 91 శాతంలో అది అప్పటికే ఉంది, స్వీడన్ వాళ్లలో 24 శాతం. మనిషి నుంచి మనిషికి అది ఎప్పుడో పాకిపోయింది. చీటీ లేకుండా షాపులో ఇచ్చే గోలీలు, రెండు రోజులకు సూది వేసే ఆర్‌ఎంపీలు, మురుగు కలిసే తాగునీరు ఆ పని ముందే కానిచ్చాయి. వాగు చేసేది వేరే. ఏ ఆసుపత్రిలోనూ లేనంత మందు మధ్య, ఎన్నో జాతుల బ్యాక్టీరియాను ఏళ్ల తరబడి ఒకచోట ఉంచి, కొత్త జన్యువులు చేతులు మారేందుకు వీలు కల్పించడం. ఒక రోగి రోగకారణం చెప్పడానికి ఈ శాస్త్రం సరిపోదు. ఒక వాగును శుభ్రం చేయమనడానికి మాత్రం బాగా సరిపోతుంది. నా మట్టుకు ఈ తేడా తెలియకుండా రాసిన కాలుష్య కథనాలు కంపెనీల లాయర్లకే ఉపయోగపడ్డాయి.

ఈ తేడా ముందే ఎరిగిన వైద్యుడు ఒకరు ఇక్కడుండేవారు. డాక్టర్ అల్లాని కిషన్‌రావు పటాన్‌చెరులోనే ప్రాక్టీసు పెట్టుకున్నారు. వచ్చే రోగులను చూస్తూ చూస్తూ ఊళ్ల వెంట, వాగు వెంట తిరగడం మొదలుపెట్టారు. ఆయన దగ్గర స్వీడన్ యంత్రాలు లేవు. చర్మం దురద, ఆయాసం, చచ్చిపోతున్న బర్రెలు, ఎండిపోతున్న వరి, వీటన్నిటినీ ఊళ్లవారీగా పేర్చి చూడటమే ఆయన పద్ధతి. 1980లలో ఊళ్ల జనాన్ని వెంటబెట్టుకుని హైదరాబాద్‌లో అసెంబ్లీ దాకా నడిచారు. సహ ఉద్యమకారుడు కెప్టెన్ జె. రామారావుతో కలిసి ఏళ్ల తరబడి పోరాడారు. 1990లో వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది. అక్కడి నుంచి హైకోర్టుకు, ఆ తర్వాత హరిత ట్రిబ్యునల్‌కు మారి, 2017లో తీర్పు దాకా వచ్చింది. 1990లో పుట్టిన పిల్లవాడికి అప్పటికి ఇరవై ఏడేళ్లు. ఈ మధ్యలో శుద్ధి చేసిన నీళ్లను ఇసకవాగులో వదలకుండా 18 కిలోమీటర్ల గొట్టంతో అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రం వైపు మళ్లించారు. మంజీరకు కొంత ఊపిరి ఆడింది, భారం మూసీ వైపు జరిగింది. చాలా కంపెనీలు ఇప్పుడు చుక్క నీరు బయటికి వదలని పద్ధతికి మారామంటున్నాయి. వాగు అడుగు మట్టి మాత్రం పాత లెక్కలను అంత త్వరగా వదిలిపెట్టదు.

ఆ ముప్పై ఏళ్లామెకు డాక్టరమ్మ చేయాల్సింది చిన్నదే, కానీ కష్టమైంది. మూత్రం కల్చర్‌కు పంపాలి, రిపోర్టు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అప్పటిదాకా మంట ఆగదు, కూలి పోతుంది. 1950లలో వచ్చిన నైట్రోఫ్యూరాంటోయిన్ అనే పాత మందు చాలా ఈ.కోలై రకాల మీద ఇంకా పనిచేస్తోంది. రక్తంలో నిలవకుండా మూత్రంలోకే చేరిపోయే గుణం దానిది. అది రాసి, ఫోన్ నంబరు తీసుకుని, రిపోర్టు రాగానే కబురు చేస్తానని చెప్పాలి. "మళ్లొచ్చుడంటే ఒక దినం కూలి పాయె మేడం" అని ఆమె అంటే, ఆ మాట నిజమే.

నీళ్లలో యాంటిబయాటిక్ ఎంత ఉండొచ్చన్న హద్దు మాత్రం ఓపీ గదిలో తేలేది కాదు. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ముసాయిదా తెచ్చింది. ఒక్కో యాంటిబయాటిక్‌కూ వ్యర్థజలంలో పరిమితి పెట్టిన పట్టిక అందులో ఉంది. ప్రపంచంలో ఇంకెవరూ చట్టంగా చేయని పని చేయబోతున్నామని అప్పట్లో మెచ్చుకున్నారు కూడా. 2021 ఆగస్టులో తుది నిబంధనలు వచ్చాయి, అందులో ఆ పట్టిక లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో యాంటిబయాటిక్ తయారీ వ్యర్థాలపై మార్గదర్శకాలు విడుదల చేసింది. అవి సలహాలే. ఈలోగా నార్వే తన ఆసుపత్రులకు యాంటిబయాటిక్స్ కొనే టెండర్లలో ధరతో పాటు ఫ్యాక్టరీ వ్యర్థాలకూ మార్కులు వేయడం మొదలుపెట్టింది. ఆ టెండరు దక్కించుకోవాలనుకున్న కంపెనీ తన మందు ముడిసరుకు ఏ ఊళ్లో తయారవుతోందో, అక్కడి నీళ్లు ఎటు పోతున్నాయో చెప్పాలి. కిషన్‌రావు ముప్పై ఏళ్లు అడిగిన ప్రశ్న అదే. ఇప్పుడది ఓస్లోలో మందులు కొనే గుమస్తా అడుగుతున్నాడు, కొన్ని కంపెనీలు జవాబు కూడా రాస్తున్నాయి.